కూతురికి ముందే చెప్పవలసిన మాట
షోలాపూర్ నేతవాడలు – నెలసరి ఆరోగ్యం

మహారాష్ట్రలోని షోలాపూర్ దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరెన్నికగన్న నగరం. తెలంగాణ పల్లెల నుండి తరతరాల క్రితం వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి నేతవాడల్లో స్థిరపడ్డాయి. మరమగ్గాలు, బీడీల పని వారి జీవనాధారం. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. కనుక నెలసరి గురించిన తొలి మాట ఆడపిల్లకు తల్లి నోట, తెలుగులో అందడమే సహజం.

ఆ మాట చాలా ఇళ్లలో ఆలస్యమవుతోంది. భారతదేశంలో జరిగిన 138 అధ్యయనాలను పరిశీలించి 2016లో 'బి.ఎం.జె. ఓపెన్' పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, రజస్వల కాకముందే ఈ సంగతి తెలిసిన బాలికలు సుమారు సగం మందే. అనేక ఇతర దేశాల్లోనూ ఈ కొరత ఉంది. అందుకే 2014 నుండి మే 28ని ప్రపంచ నెలసరి పరిశుభ్రత దినంగా పాటిస్తున్నారు.

పిల్ల పెద్దమనిషి అయితే బంధువులను పిలిచి వేడుక చేస్తారు. ఊరందరికీ చెప్పే ఆ సంగతి ఏమిటో ఆ పిల్లకు మాత్రం ఎవరూ వివరించరు. రక్తం చూసి తనకేదో జబ్బు చేసిందని ఆమె భయపడుతుంది.

తెలియవలసినది కొద్దిపాటే. సాధారణంగా 10 నుండి 15 ఏళ్ల మధ్య నెలసరి మొదలవుతుంది. గర్భాశయపు లోపలి పొర రక్తంతో కలిసి వెలుపలికి రావడమే నెలసరి. అది చెడు రక్తం కాదు. రక్తస్రావం 2 నుండి 7 రోజులుంటుంది. మొదటి ఒకటి రెండేళ్లు క్రమం తప్పడం మామూలే.

శుభ్రమైన నూలుగుడ్డ వాడినా తప్పులేదు. దానిని సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరవేయాలి. మగ్గం, వంట, పడక ఒకేచోట సాగే ఇరుకిళ్లలో సిగ్గుపడి చీకటి మూలన ఆరవేస్తే గుడ్డలో తేమ నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది, దురద పుడుతుంది. గుడ్డనైనా, ప్యాడ్‌నైనా 4 నుండి 6 గంటలకొకసారి మార్చుకోవాలి. జన ఔషధి కేంద్రాలలో ఒక్కో ప్యాడ్‌ను రూపాయికే అమ్మడం 2019లో మొదలైంది.

రక్తస్రావం 7 రోజులు దాటినా, గంట గంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకున్నా వైద్యులకు చూపించాలి. అధిక రక్తస్రావం రక్తహీనతకు దారితీస్తుంది. ఆకుకూరలు, పప్పులు, బెల్లం, వైద్యులు సూచించిన ఐరన్ మాత్రలు ఈ వయసులో అవసరం.

పదేళ్లు నిండేలోగా తల్లి, లేదా పెద్దమ్మ, మేనత్త ఈ నాలుగు మాటలు చెబితే, ఆ రోజు వచ్చినపుడు పిల్ల భయపడదు, బడి మానదు.