ఇగ్నిషన్ టైమింగ్ పరిణామం, బిగుసుకుపోయిన డిస్ట్రిబ్యూటర్

పెట్రోలు ఇంజన్ సిలిండర్‌లోని గాలి, పెట్రోలు ఆవిరి మిశ్రమం ఒక్కసారిగా పేలదు. స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకున్న మంట మిశ్రమమంతటా పాకడానికి సెకనులో కొన్ని వెయ్యోవంతుల కాలం పడుతుంది కాబట్టి, పిస్టన్ పై కొసకు చేరక మునుపే నిప్పురవ్వ పుట్టాలి. ఈ ముందస్తును అడ్వాన్స్ అంటారు, క్రాంక్ షాఫ్ట్ తిరిగే డిగ్రీలలో కొలుస్తారు. నిమిషానికి 600 చుట్ల వేగంలో క్రాంక్ షాఫ్ట్ సెకనులో వెయ్యోవంతుకు 3.6 డిగ్రీలు తిరిగితే, 3000 చుట్ల వేగంలో అదే కాలానికి 18 డిగ్రీలు తిరుగుతుంది. మంటకు పట్టే కాలం మాత్రం అంతగా తగ్గదు గనుక వేగంతో పాటు అడ్వాన్స్ కూడా పెరగక తప్పదు. ఈ పెరుగుదలను మొదట మనిషి చెయ్యి, తరువాత యంత్రమే చూసుకోవడం ఇగ్నిషన్ చరిత్రలోని ప్రధాన ధార. పాత వాహనంలో డిస్ట్రిబ్యూటర్ బిగుసుకుపోవడం ఎంత పెద్ద చిక్కో ఆ ధారలో పెట్టి చూస్తేనే బోధపడుతుంది.

1860లో ఎటియెన్ లెన్వార్ తన గ్యాస్ ఇంజన్‌లో విద్యుత్ రవ్వను వాడినా, 1880లలో డైమ్లర్, మేబాక్ ఎర్రగా కాలిన గొట్టంతో మిశ్రమాన్ని అంటించే పద్ధతిని ఎంచుకున్నారు. అందులో సమయాన్ని మార్చే సాధనమే లేదు. 1902లో బాష్ సంస్థ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటో బ్యాటరీ అవసరం లేకుండానే బలమైన రవ్వను ఇవ్వడంతో విద్యుత్ ఇగ్నిషన్ స్థిరపడింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో స్టీరింగ్ కింద ఎడమ పక్కన ఒక పిడి ఉండేది. ఇంజన్‌ను హ్యాండిల్‌తో తిప్పేటప్పుడు ఆ పిడిని పైకి నెట్టి రవ్వను ఆలస్యం చేయాలి, పరుగు అందుకున్నాక కిందికి లాగి ముందుకు జరపాలి. మరచిపోతే ఇంజన్ వెనక్కి తన్నేది, హ్యాండిల్ పట్టిన మణికట్టు విరిగేది. డ్రైవరు చెవి, చెయ్యి కలిసి చేసిన ఈ పని నిజమైన నైపుణ్యం. ఇంజన్ ధ్వనిని బట్టి రవ్వను దిద్దడం రానివాడిని ఆ కాలంలో డ్రైవరుగా లెక్కించడం కష్టమే.

ఛార్లెస్ కెటరింగ్ డేటన్ నగరంలో రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 కాడిలాక్ కార్లలో అడుగుపెట్టింది. కామ్ ఒక జత పాయింట్లను విడదీసినప్పుడు కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలి వేల వోల్టుల విద్యుత్ పుడుతుంది; తిరిగే రోటర్ దానిని ఒక్కో ప్లగ్‌కు పంచుతుంది. ఈ పనులన్నీ జరిగే చోటే డిస్ట్రిబ్యూటర్. దాని షాఫ్ట్ క్రాంక్ షాఫ్ట్‌లో సగం వేగంతో తిరుగుతుంది గనుక, డిస్ట్రిబ్యూటర్‌ను ఒక్క డిగ్రీ తిప్పితే టైమింగ్ రెండు క్రాంక్ డిగ్రీలు మారుతుంది. తరువాత వేగాన్ని బట్టి విచ్చుకునే బరువులు, 1930ల నుంచి ఇంజన్ మీది భారాన్ని బట్టి లాగే వాక్యూమ్ డయాఫ్రమ్ చేరి, అడ్వాన్స్ పనిని డ్రైవరు చేతినుంచి తీసుకున్నాయి. మెకానిక్‌కు మిగిలింది తొలి కోణాన్ని కట్టడం ఒక్కటే; అందుకు క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ ఒంటిని తిప్పడమే సర్వసాధారణ మార్గమైంది.

అంబాసిడర్ కారు ఈ యుగానికి చెందినదే. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఉత్తరపారాలో తయారైన ఈ కారు 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌తో దశాబ్దాలపాటు హైదరాబాదు, విజయవాడ వీధుల్లో టాక్సీగానూ సర్కారీ వాహనంగానూ తిరిగింది. దీనికి టైమింగ్ కట్టడానికి ఒక బల్బు చాలు. ముందుగా పాయింట్ల గ్యాప్ సరిచేసి, మొదటి సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా క్రాంక్ పుల్లీ గుర్తును నిర్ణీత డిగ్రీకి తెచ్చి, పాయింట్లకు వెళ్లే సన్న తీగకూ ఇంజన్ ఒంటికీ మధ్య బల్బు కలిపి, ఇగ్నిషన్ వేసి డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పితే, పాయింట్లు విడిపోయే క్షణాన బల్బు వెలుగుతుంది. రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్ పెరుగుతుంది, అదే దిక్కుకు తిప్పితే తగ్గుతుంది.

1970లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పాయింట్లను తొలగించింది, ఆపై కంప్యూటరు డిస్ట్రిబ్యూటర్‌నే తొలగించింది. పాత వాహనాలకు మాత్రం డిస్ట్రిబ్యూటర్ బిగుసుకుపోయే సమస్య మిగిలింది. పోత ఇనుప బ్లాకులో కూర్చున్న అల్యూమినియం ఒళ్లు తేమ తగిలి తుప్పు పడుతుంది. ఆ తుప్పు అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రెండింటినీ బిగించేస్తుంది. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది గనుక, వేడి ఇంజన్ మీద బలం చూపడం వ్యర్థం. రాత్రంతా చల్లారిన ఇంజన్‌కు తుప్పు వదిలించే పలుచని నూనె పట్టించి, మర్నాడు ఒంటిని పట్టీతో చుట్టి, అటూ ఇటూ వెంట్రుకవాసి కదిలిస్తూ రావాలి. వాక్యూమ్ యూనిట్‌ను పట్టుకుని తిప్పినా, సుత్తితో కొట్టినా విరిగేది డిస్ట్రిబ్యూటరే. పెట్రోలు ఉండే కార్బురేటర్ పక్కనే ఉండగా వదులు చేయడానికి మంట చూపడం ప్రాణాంతకం.

ఒళ్లు కదలకపోయినా టైమింగ్ దారి పూర్తిగా మూసుకోదని పాత నమూనాలే చెబుతాయి. 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎలో డిస్ట్రిబ్యూటర్ ఒళ్లు తిరగనే తిరగదు. టైమింగ్ పిన్నుతో కామ్ షాఫ్ట్ గేరులోని గుంటను పట్టుకుని, పై స్క్రూ వదులు చేసి కామ్‌నే జరుపుతారు. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లు చాలావాటికి వాక్యూమ్ యూనిట్ చివర గరుకు మర ఉంటుంది. దానితో ఒంటిని ముట్టకుండానే కొన్ని డిగ్రీలు దిద్దవచ్చు. పాయింట్ల గ్యాప్ పెంచితే అవి ముందుగా విడిపోయి అడ్వాన్స్ కొంత పెరుగుతుంది. కానీ కాయిల్ నిండే సమయం తగ్గి పై వేగంలో రవ్వ బలహీనపడుతుంది కాబట్టి, ఇది షెడ్డుదాకా బండి నడిపించుకునే ఉపాయమే తప్ప మరమ్మతు కాదు.

బిగుసుకోవడం లోపల కూడా జరుగుతుంది. రోటర్‌ను చేత్తో కొద్దిగా తిప్పి వదిలితే స్ప్రింగు బలానికి వెనక్కి రావాలి. రాలేదంటే ఎండిన గ్రీజు అడ్వాన్స్ బరువులను పట్టేసిందన్నమాట. అప్పుడు నిలబడి ఉన్న బండికి టైమింగ్ ఎంత చక్కగా కట్టినా, రోడ్డు మీద ఇంజన్ వేడెక్కి లాగలేకపోతుంది. రోటర్ కింది స్క్రూ తలపై రెండు చుక్కల నూనె వేసి ఉంటే ఈ స్థితి చాలావరకు తప్పేది. విడిపించిన డిస్ట్రిబ్యూటర్‌ను తిరిగి అమర్చేటప్పుడు ఒంటికి పలుచగా గ్రీజు రాసి, క్లాంపు బోల్టును ఒళ్లు చేతికి తిరగనంత వరకే బిగించాలి. అంతకు మించి బిగిస్తే క్లాంపు పలక వంగి, మరోసారి పట్టేయడానికి అక్కడే నాంది పడుతుంది.