బీఎంఐ పుట్టింది లావు కొలవడానికి కాదు

హెల్త్ చెకప్ రిపోర్టులో బరువు పక్కనే బీఎంఐ అని ఒక అంకె ఉంటుంది. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే అది. ఈ లెక్కకు మూలపురుషుడు వైద్యుడు కాదు. బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే. 'సగటు మనిషి'ని అంకెల్లో పట్టుకోవాలన్నది ఆయన తపన. ఎదుగుదల ఆగిన పెద్దల్లో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుందని 1835లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఎవరు లావు, ఎవరు కాదన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు.

ఆ ప్రశ్న అమెరికా బీమా కంపెనీలకు వచ్చింది. లావుపాటి పాలసీదారులు త్వరగా చనిపోతున్నారని తేలడంతో, ఏ ఎత్తుకు ఎంత బరువుండాలో పట్టికలు వేశాయి. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం ఐదు దేశాల్లో ఏడు వేలకు పైగా జనం కొలతలు తీసుకుని, కెట్లే సూత్రమే ఉన్నవాటిలో నయమని తేల్చి, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. కొలిచిందంతా మగవాళ్లనే. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని గీతలు గీసింది.

ఆ గీతలు మనకు ఎందుకు సరిపోవో 2004లో 'లాన్సెట్'లో వచ్చిన ఒక ఫొటో చూపించింది. అందులో ఉన్నవాళ్లు ఇద్దరు డాక్టర్లు: పుణె కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకానికి కండా కొవ్వూ ఒకటే. మనవాళ్లకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అదీ పొట్ట లోపల, కాలేయం చుట్టుపక్కల చేరుతుంది. అందుకే సన్నగా కనిపించేవాళ్లకూ షుగర్ వస్తోంది.

2009లో మన దేశ నిపుణులు గీతలు కిందికి దించారు. 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషి బీఎంఐ 25.7. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ప్రకారం అతనిది అధిక బరువే, మన లెక్కలో ఊబకాయం.

బీఎంఐని పారేయమనడం లేదు. ఊళ్లకు ఊళ్లను అంచనా వేయడానికి అంత చవకైన సాధనం ఇంకొకటి లేదు. ఒక్క మనిషి విషయానికొస్తే దానికి తోడుగా టేపు కావాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, బట్ట మీద కాకుండా ఒంటి మీదే టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలి చూడండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, బీఎంఐ ఎంతున్నా సరే, డాక్టరును కలిసి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి.