మూసీ వరద (1908): పరిశోధన సాక్ష్యం, నగర పునర్నిర్మాణం

నగర సమస్యల పరిష్కారంలో పరిశోధన సాక్ష్యం ఎంతవరకు మార్గదర్శకమైంది, ఏ ప్రశ్నలను స్పృశించకుండా విడిచిపెట్టింది అనే అంశాలను హైదరాబాద్ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. నదిపై ఉన్న వంతెనల్లో పురానాపూల్ మినహా మిగిలినవి కొట్టుకుపోయాయి. తీరాన ఉన్న పేటలు నేలమట్టమయ్యాయి. ఇంతటి విపత్తును దైవికంగా భావించి సహాయ చర్యలతో సరిపెట్టుకోవడానికి అవకాశం ఉండింది. అయితే నిజాం ప్రభుత్వం కారణాన్వేషణకు పూనుకొని, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. 1909లో ఆయన నివేదిక సమర్పించారు.

ఆ నివేదిక విశిష్టత అది ఎంచుకున్న దృష్టికోణంలో ఉంది. నగరంలో మునిగిన వీధులతో ఆగిపోక, విశ్వేశ్వరయ్య ఎగువ పరీవాహక ప్రాంతాన్ని అధ్యయనం చేశారు. అక్కడ 788 చెరువులు ఉండగా, వాటిలో 221 తెగినట్లు తేల్చారు. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువుకు గండి పడితే ఆ నీరు కిందిచెరువు కట్టపై విరుచుకుపడుతుంది. అందువల్ల విపత్తుకు కుండపోత వర్షంతోపాటు చెరువుల వైఫల్యమూ కారణమని స్పష్టమైంది. నగర భద్రత గ్రామాల కట్టల, అలుగుల పటిష్ఠతతో ముడిపడి ఉందన్నది ఈ సాక్ష్యం బోధించిన తొలి పాఠం.

ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసాపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. వరదను అదుపు చేయడానికి తలపెట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటినీ అందించాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రహదారుల విస్తరణ, మురికివాడల తొలగింపు, గృహనిర్మాణం చేపట్టింది. పత్తర్‌గట్టి దాని కృషికి నిదర్శనం.

అయితే ఈ సాక్ష్యానికి పరిమితులూ ఉన్నాయి. తెగిన చెరువుల సంఖ్య ఒకట్ల స్థానం వరకు లెక్కకు వచ్చింది. మృతుల సంఖ్య మాత్రం ‘సుమారు’గానే మిగిలింది. నీటిని కొలిచే సాధనాలు ఉన్నంత నిర్దిష్టంగా, ముంపు ప్రాంతంలో బతుకుతున్నవారిని లెక్కించే యంత్రాంగం లేదనడానికి ఈ వ్యత్యాసమే సూచన. ప్రమాదం ఎక్కడ ఉందన్నది సాంకేతిక ప్రశ్న. అక్కడ ఎవరు, ఎందుకు నివసించవలసి వచ్చిందన్నది సామాజిక ప్రశ్న. మొదటిదానికి లభించినంత స్పష్టమైన సమాధానం రెండవదానికి లభించలేదు.

జలాశయాల రక్షణకై వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై ఆంక్షలు విధిస్తూ 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022లో ఆ ఆంక్షలను తొలగించారు. ఈ మధ్యకాలంలోనే 2000, 2020 సంవత్సరాల్లో నగరం వర్షాలకు జలమయమైంది. జలాశయాలు ఎగువ నుంచి వచ్చే ప్రవాహాన్ని నిలపగలవు. వాటికి దిగువన, నగరంలోనే కురిసే వానను నిలపలేవు. ఆ పని చేయవలసినవి నగరంలోని చెరువులు, నాలాలే. వాటి విస్తీర్ణం కుంచించుకుపోయిన మేరకు నీరు ఇళ్లలోకి చేరుతుంది.

కనుక 1909 నాటి నివేదికను రెండు జలాశయాలకు మూలపత్రంగా మాత్రమే పరిగణించడం అసమగ్రం. కట్టడాలు నిలిచినా, వాటికి ఆధారమైన అవగాహన పాలనలో కొనసాగకపోతే సాక్ష్యం ప్రయోజనం అర్ధంతరంగా ఆగిపోతుంది. 221 గండ్లు చెప్పిన సత్యం నేటికీ కాలదోషం పట్టనిది.