గొర్రెపిల్లల మేతలో ఇథనాల్ ఉపఉత్పత్తులు: లాభమెంత, ముప్పెక్కడ?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో అందుకుంది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం ఇందుకు 2030ని గడువుగా నిర్దేశించగా, 2022లో చేసిన సవరణ దానిని 2025–26కు ముందుకు జరిపింది. ఈ క్రమంలో చెరకుపై ఆధారపడిన పరిశ్రమ మొక్కజొన్న, బియ్యం, నూకల వైపు మళ్లింది. ఫలితంగా ధాన్యపు డిస్టిలరీల్లో మిగిలే ఎండు మడ్డి దాణా మార్కెట్‌కు విస్తారంగా చేరుతోంది. వ్యాపారులు దీనిని డీడీజీఎస్ అని పిలుస్తారు.

తెలుగు రాష్ట్రాలకు ఇది ప్రత్యేకించి ముఖ్యమైన విషయం. 2019 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 7.43 కోట్ల గొర్రెలుండగా, 1.91 కోట్లతో తెలంగాణ మొదటి స్థానంలో, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. బీడు భూములు తగ్గిపోతుండటంతో కొట్టంలో ఉంచి పొట్టేలు పిల్లలను మేపే పద్ధతి పెరుగుతోంది. ఆ పద్ధతిలో ఖర్చంతా దాణాదే.

మడ్డిలో ఏముంటుంది?

ధాన్యంలోని పిండిపదార్థాన్ని ఈస్ట్ పులియబెట్టినప్పుడు ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి. స్థూలంగా ధాన్యం బరువులో మూడోవంతు ఇథనాల్‌గా, మరో మూడోవంతు వాయువుగా మారుతుంది. చివరి మూడోవంతే డీడీజీఎస్. పిండిపదార్థం పోవడంతో మాంసకృత్తులు, కొవ్వు, పీచు, ఖనిజాలు దాదాపు మూడు రెట్లు చిక్కబడతాయి. మొక్కజొన్నలో 8–9 శాతం ఉండే మాంసకృత్తులు దాని మడ్డిలో 26–30 శాతానికి చేరతాయి. బియ్యపు మడ్డిలో ఇవి 40 శాతాన్ని మించవచ్చు.

ఈ మాంసకృత్తుల్లో గణనీయమైన భాగం రూమెన్ అనే మొదటి పొట్టలో విచ్ఛిన్నం కాకుండా పేగులకు చేరుతుంది. ఎదిగే పిల్లలకు ఇది మేలు. పిండిపదార్థం తక్కువ కాబట్టి, గింజలు ఎక్కువగా తిన్నప్పుడు కడుపులో పులుపు పెరిగే ప్రమాదం కూడా తగ్గుతుంది.

మెదక్ జిల్లాలో తొలి పాఠాలు

ఇంధన పంట అవశేషాలతో గొర్రెలను మేపే ఆలోచన తెలుగు నేలకు కొత్తది కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2000 దశకంలో తీపి జొన్న నుంచి ఇథనాల్ తయారీని ప్రోత్సహించింది. మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో గ్రామస్థాయి గానుగ కేంద్రం ఏర్పాటైంది. కాండాల నుంచి రసం తీసి పాకం చేయగా, పిప్పి, ఆకులు మిగిలేవి.

ఆ పిప్పిని సంపూర్ణ మిశ్రమ దాణాగా మార్చడంపై అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల శాస్త్రవేత్తలు పనిచేశారు. పిప్పిని, సాంద్ర దాణాను వేర్వేరు నిష్పత్తుల్లో కలిపి పొట్టేలు పిల్లలకు పెట్టి, ఎదుగుదలను, మాంసం దిగుబడిని పరిశీలించారు. పిప్పి పీచును అందించే మేత. డీడీజీఎస్ మాంసకృత్తులను అందించే దాణా. ఒకదాని స్థానంలో మరొకటి వాడటం కుదరదు.

ఎంత పెట్టాలి?

అమెరికాలో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ జరిపిన ప్రయోగంలో దాణాలో 60 శాతం వరకు డీడీజీఎస్ ఇచ్చినా పిల్లల ఎదుగుదల తగ్గలేదు. అయితే ఆ దాణాలో బి1 విటమిన్‌ను విడిగా కలిపారు. నాణ్యత లోడుకో తీరుగా మారే చోట, పరీక్ష చేయించని సరుకును మొత్తం మేతలో 15–20 శాతానికి పరిమితం చేయడం క్షేమం. 20 కిలోల పిల్ల రోజుకు సుమారు 750 గ్రాముల ఎండు మేత తింటుందనుకుంటే, అందులో డీడీజీఎస్ 110–150 గ్రాములు మించకూడదు. కొద్దికొద్దిగా మొదలుపెట్టి రెండు వారాల్లో ఆ మోతాదుకు చేర్చాలి. పచ్చిమేత లేదా చొప్ప తప్పనిసరి.

నాలుగు ముప్పులు

రాగి: గొర్రె శరీరం అదనపు రాగిని సులభంగా బయటకు పంపలేదు. అది వారాల తరబడి కాలేయంలో పేరుకుని, ఏదైనా ఒత్తిడి కలిగినప్పుడు ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. అప్పుడు కామెర్లు, ముదురు ఎరుపు మూత్రం, ఆకస్మిక మరణం సంభవిస్తాయి. మేతలో రాగి కిలోకు 15 మిల్లీగ్రాములు దాటరాదన్నది ప్రమాణం. మడ్డిలో రాగి సాధారణంగా తక్కువే. దానితోపాటు పశువులకు లేదా కోళ్లకు ఉద్దేశించిన ఖనిజ మిశ్రమాన్ని కలపడమే అసలు ప్రమాదం.

గంధకం: డిస్టిలరీల్లో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం వల్ల మడ్డిలో గంధకం పెరగవచ్చు. అది ఎక్కువైతే మెదడు దెబ్బతిని, పిల్లలు చూపు కోల్పోతాయి, తల గోడకు ఆనించి నిలబడతాయి. వెంటనే పశువైద్యుడు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

భాస్వరం: మడ్డిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. దీనివల్ల పొట్టేళ్లలో మూత్రనాళంలో రాళ్లు ఏర్పడి మూత్రం ఆగిపోతుంది. దాణాకు సున్నపురాయి పొడి కలిపి కాల్షియం, భాస్వరాలను 2:1 నిష్పత్తిలో ఉంచాలి. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

బూజు విషాలు: ధాన్యంలోని అఫ్లాటాక్సిన్ పులియబెట్టినా నశించదు, మడ్డిలో దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న నుంచి వచ్చిన మడ్డి పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

కానుగ, జట్రోఫా చెక్కల సంగతి

బయోడీజిల్ తయారీలో మిగిలే చెక్కలన్నీ దాణాకు పనికిరావు. జట్రోఫా చెక్కలోని ఫార్బాల్ ఎస్టర్లు విషపూరితం. దానిని పశువులకు పెట్టరాదు. కానుగ చెక్కలో చేదునిచ్చే కరంజిన్ ఉంటుంది. శుద్ధి చేయని కానుగ చెక్కను పొలానికి ఎరువుగా వేయడమే మేలు.

కొనేటప్పుడు

మాంసకృత్తులు, తేమ, గంధకం, అఫ్లాటాక్సిన్ వివరాలతో ప్రయోగశాల నివేదిక అడగాలి. తేమ 12 శాతం లోపు ఉండాలి. లేత బంగారు రంగు, తీపి పులుపు వాసన మంచి సరుకుకు గుర్తు. మాడిన వాసన, నలుపు రంగు ఉంటే అతిగా వేడిచేశారని అర్థం. అందులోని మాంసకృత్తులు సరిగా జీర్ణం కావు. ధరను బస్తా లెక్కన కాక, కిలో మాంసకృత్తుల లెక్కన వేరుశనగ చెక్క, సోయా చెక్కలతో పోల్చుకోవాలి.