విదేశాల్లో ఆరోగ్య, సంక్షేమ చదువులు: తిరువూరు విద్యార్థులు తెలుసుకోవాల్సినవి

పేదల ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే భరించే ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) 2007లో మొదలైంది. తిరువూరులో దాన్ని ఎరగని ఇల్లు తక్కువే. ఇలాంటి పథకాలు వేరే దేశాల్లో ఎలా నడుస్తాయో నేర్పే చదువుల్లో ముఖ్యమైనది ప్రజారోగ్య మాస్టర్స్, అంటే ఎంపీహెచ్.

బ్రిటన్‌లో 1948 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తోంది. జర్మనీలో 1883 చట్టంతో వచ్చిన ఆరోగ్య బీమాకు కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కడతారు.

బ్రిటన్‌లో ఎంపీహెచ్ సాధారణంగా ఏడాది. ఎంబీబీఎస్ లేకున్నా డిగ్రీతో చాలాచోట్ల సీటిస్తారు. అయితే అది చదివినంత మాత్రాన డాక్టర్ అయిపోరు, వైద్యం చేసే లైసెన్సు రాదు. తెలంగాణ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఆ రాష్ట్రం వారికే. సరిహద్దు పక్కనే ఉన్నా తిరువూరు పిల్లలకు వర్తించదు. పొలం తాకట్టు పెట్టే ముందే అమ్మానాన్నలు ఈ రెండూ తెలుసుకోవాలి.