ఎత్తు చెప్పని విమానం: చిన్న పైలట్ల చేతికి స్క్రీన్ ఎలా వచ్చింది?

ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 ఓపెన్ చేస్తే పసుపు రంగు విమానాలు కదులుతూ కనిపిస్తాయి కదా. మనకది టైమ్‌పాస్. చిన్న విమానం నడిపే పైలట్‌కి మాత్రం అలాంటి స్క్రీన్ ప్రాణం కాపాడే వస్తువు. అది వాళ్ల చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి. ఇవాళ ఆ కథ.

1986 ఆగస్టు 31, ఆదివారం. అమెరికాలోని లాస్ ఏంజిలస్. మధ్యాహ్నం 12 కావస్తోంది. పైపర్ ఆర్చర్ అనే చిన్న విమానం ముగ్గురితో టోరెన్స్ నుంచి బయల్దేరింది. అదే టైమ్‌లో ఏరోమెక్సికో ఫ్లైట్ 498, అంటే 64 మంది ఉన్న డీసీ-9 జెట్, ల్యాండింగ్ కోసం కిందికి దిగుతోంది. పర్మిషన్ లేనిదే రాకూడని ఏరియాలోకి పైపర్ వచ్చేసింది. సుమారు 6,500 అడుగుల ఎత్తులో రెండూ ఢీకొన్నాయి. జెట్ వెళ్లి సెరిటోస్‌లో ఇళ్ల మీద పడింది. నేల మీద ఉన్న 15 మందితో కలిపి మొత్తం 82 మంది చనిపోయారు.

మరి రాడార్ ఏం చేస్తోంది? ఇక్కడే అసలు పాయింట్. విమానంలో ట్రాన్స్‌పాండర్ అని ఒక పెట్టె ఉంటుంది. రాడార్ "ఎవరు నువ్వు?" అని అడిగితే అది జవాబు పంపుతుంది. పైపర్‌లో ఆ పెట్టె ఉంది, కానీ ఎత్తు చెప్పే రకం కాదు. అంటే స్క్రీన్ మీద చుక్క పడినా, అది జెట్ కింద ఉందా, పైన ఉందా, సరిగ్గా అదే ఎత్తులో ఉందా తెలీదు. ఒక్క నంబర్ మిస్సింగ్.

పైలట్లు కిటికీలోంచి చూసుకోవచ్చు కదా అంటారా? అప్పటి రూల్ కూడా అదే: చూడు, తప్పుకో. కానీ మన కన్ను కదిలేవాటినే ఈజీగా పట్టుకుంటుంది. నేరుగా మనల్ని గుద్దడానికి వచ్చే విమానం కిటికీ అద్దం మీద కదలదు. ఒకే చోట చిన్న చుక్కలా ఉండి, ఆఖరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1978లో, శాన్ డియాగోలో పీఎస్ఏ 182 జెట్ పైలట్లకి ఎదురుగా సెస్నా ఉందని కంట్రోలర్ చెప్పాడు కూడా. వాళ్లు చూశామన్నారు, తర్వాత అది కంటికి అందకుండా పోయింది. 144 మంది చనిపోయారు.

సెరిటోస్ తర్వాత అమెరికా రూల్స్ మార్చింది. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ 30 నాటికల్ మైళ్లలో, అంటే దాదాపు 55 కిలోమీటర్లలో, ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి చేసింది. పెద్ద ప్యాసింజర్ విమానాలకి టీకాస్ అనే హెచ్చరిక సిస్టమ్ పెట్టించింది. గమనించారా? చిన్న విమానం అందరికీ కనబడాలి. కానీ దాని పైలట్‌కి మాత్రం చుట్టూ ఎవరున్నారో కనబడదు. టీకాస్ అంత ఖరీదైన సిస్టమ్ అతనెక్కడ కొంటాడు?

ఆ గ్యాప్‌ని నింపింది ఏడీఎస్-బీ. విమానం జీపీఎస్‌తో తన లొకేషన్ తెలుసుకుని, ఎత్తుతో కలిపి, ఎవరూ అడక్కుండానే దాదాపు సెకనుకోసారి రేడియోలో ప్రకటిస్తుంది. మన ఫ్లైట్ యాప్‌లు ఎక్కువగా వాడేది కూడా ఈ సిగ్నల్నే. అమెరికా దీన్ని అలాస్కాలో క్యాప్‌స్టోన్ ప్రాజెక్టుతో చిన్న విమానాల మీద ట్రై చేసింది. 2020 జనవరి 1 నుంచి రద్దీ ఆకాశంలో సిగ్నల్ పంపడం తప్పనిసరి చేసింది. రిసీవ్ చేసుకోవడం మాత్రం పైలట్ ఇష్టం. ఇంజనీర్‌గా నాకు బాగా నచ్చింది స్ట్రాటక్స్: ఒక రాస్ప్‌బెర్రీ పై, టీవీ చూడ్డానికి తయారైన చవక యూఎస్‌బీ డాంగిల్, ఫ్రీ సాఫ్ట్‌వేర్. అంతే, చుట్టూ సిగ్నల్ పంపుతున్న విమానాలు టాబ్లెట్‌లో కనిపిస్తాయి.

మరి కథ సుఖాంతమేనా? కాదు. 2019 మే 13న అదే అలాస్కాలో, కెచికాన్ దగ్గర, టూరిస్టులతో వెళ్తున్న రెండు నీటి విమానాలు ఢీకొని ఆరుగురు చనిపోయారు. రెండింట్లోనూ ఏడీఎస్-బీ ఉంది! కానీ ఒకదాంట్లో ఎత్తు పంపే యూనిట్ ఆఫ్‌లో ఉంది. ఎత్తు తెలియకపోతే రెండో విమానంలోని యాప్ అలర్ట్ ఇవ్వలేదు. 33 ఏళ్ల తర్వాత కూడా మిస్సయింది అదే నంబర్.

అందుకే ఫ్రెండ్స్, స్క్రీన్ ఖాళీగా ఉందంటే ఆకాశం ఖాళీగా ఉందని కాదు. సిగ్నల్ పంపని వాళ్లు, సగమే పంపేవాళ్లు అందులో ఉండరు. స్క్రీన్ చూసినా, పైలట్ కిటికీలోంచి కూడా చూస్తూనే ఉండాలి.