కొలత, పొలిమేర, తృప్తి: జగదల్‌పూర్ నుంచి పదో ఆజ్ఞ పఠనం

సంగ్రహం

పొరుగువాడి సొత్తును ఆశించవద్దన్న పదో ఆజ్ఞను మనసులోని ఒక బలహీనతకు మందుగానే చదవడం మన ప్రసంగాల్లో అలవాటైపోయింది. బస్తర్ కేంద్రమైన జగదల్‌పూర్ భూమి, అడవి, సంతల నేపథ్యంలో ఈ వ్యాసం ఆ ఆజ్ఞను మళ్లీ పరిశీలిస్తుంది. ఆజ్ఞ ముందుగా తీసుకోగల చేతిని ఉద్దేశించిందనీ, క్రైస్తవ తృప్తి అంటే ఉన్నదానితో సరిపెట్టుకోవడం కాక కొలత తెలిసి బతకడమనీ, అది సాధనతో అబ్బే విద్య అనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పదో ఆజ్ఞ, దురాశ, సంతుష్టి, బస్తర్, మాలిక్ మక్బూజా, నాబోతు, మన్నా

1. ప్రవేశిక

జగదల్‌పూర్‌లో ఆదివారం ఆరాధన దినమే కాదు, సంత దినం కూడా. ఋతువును బట్టి చుట్టుపక్కల పల్లెల నుంచి ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు తట్టల్లో దిగుతాయి. సరుకు సంతలోకి చేరకముందే దారిలో ఎదురెళ్లి బేరం ముగించే చిల్లర దళారిని ఇక్కడ కోచియా అంటారు. పైలి, సోలి ఇక్కడి పాత కొలతలు. మన మానికకూ సోలకూ చుట్టాల్లాంటివి. తూకం లేని చోట లాభమంతా పైలి అంచు మీదే ఉంటుంది. కొనేటప్పుడు గోపురంలా పోయించుకుని, అమ్మేటప్పుడు అరచేత్తో చదును చేస్తే చాలు, ఎవరూ దొంగ అనరు. ఒకప్పుడు సారపప్పు ఇచ్చి అంతే ఉప్పు తీసుకెళ్లేవారన్న మాట బస్తర్‌లో నేటికీ చెప్పుకుంటారు.

ఈ ఊరికి తెలుగు సంబంధం పాతది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఇటు వచ్చిన కాకతీయ అన్నమదేవుడే బస్తర్ రాజవంశానికి మూలపురుషుడని సంప్రదాయం. 1890ల్లో మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్ ఇక్కడ నాటుకోవడంలో ముఖ్యుడైన సి.బి. వార్డ్ అంతకుముందు హైదరాబాదు సంస్థానంలోని తెలుగు ప్రాంతాల్లో పనిచేసినవాడు. స్థానికులు లాల్ చర్చ్ అని పిలిచే ఎర్ర ఇటుకల మందిరానికి చందయ్య స్మారక మందిరమని పేరు. తెలుగు చెవికి అది కొత్త పేరు కాదు. 1960ల్లో బైలాడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఈ ఊరిని విశాఖతో ముడివేసింది. సంత, మందిరం, ఖనిజం మూడూ పక్కపక్కనే ఉన్న ఊరు కాబట్టి దురాశ గురించి బైబిలు చెప్పినదాన్ని పరీక్షించి చూడటానికి ఇది తగిన చోటు.

2. పద విచారణ

నిర్గమకాండం 20:17లో రెండుసార్లూ వాడిన హీబ్రూ క్రియ హామద్. ద్వితీయోపదేశకాండం 5:21 దీని పక్కన హిత్అవ్వా అనే మరో క్రియను చేర్చింది. జాబితాలో ఇంటి పక్కన పొలాన్నీ చేర్చింది. హామద్ కేవలం మనసులో కోరుకోవడమా, కోరి చేజిక్కించుకునే ప్రయత్నం కూడానా అన్న చర్చ పండితుల్లో చాలాకాలంగా ఉంది. మీకా 2:2 ఈ చర్చకు కీలకం. అక్కడ పొలాలను ఆశించడం, పట్టుకోవడం ఒకే ఊపిరిలో వస్తాయి. పడక మీద వేసిన పథకం తెల్లవారగానే పనిగా మారుతుంది, ఎందుకంటే ఆ పని చేయగల అధికారం వారి చేతిలో ఉంది. మీకా నిందితులు ఆశ ఉన్నవాళ్లందరూ కారు. ఆశకు తోడు బలం ఉన్నవాళ్లు.

అయితే కోరికే పాపమా? కాదని అదే ధాతువు సాక్ష్యమిస్తుంది. దేవుని విధులు బంగారం కంటే కోరదగినవని చెప్పే 19వ కీర్తన వాడిన మాట కూడా హామద్ నుంచి వచ్చిందే. గ్రీకులోనూ ఇంతే. రోమా 7:7లో పౌలు పదో ఆజ్ఞను ఉదహరించినప్పుడు వాడిన క్రియనే, శిష్యులతో పస్కా భోజనం చేయాలన్న తన కోరికను చెప్పడానికి లూకా 22:15లో యేసు వాడతాడు. కోరిక ఒక్కటే, దేని మీద, ఎవరిని తోసి అన్నదే తేడా.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్రీకు ప్లెయొనెక్సియాకు మూలార్థం మరింత కలిగి ఉండాలనే తపన. మన బైబిల్లో అది లూకా 12:15లో లోభమైంది, కొలొస్సయి 3:5లో ధనాపేక్ష అయింది. లోభి అనగానే మనకు పైసా ఖర్చు పెట్టని పిసినారి గుర్తొస్తాడు. ధనాపేక్ష అనగానే ఆలోచన డబ్బు దగ్గరే ఆగిపోతుంది. దాంతో పొలం మీద, పదవి మీద, సంఘంలో పెత్తనం మీద, పక్కవాడి పిల్లల చదువు మీద పడే కన్ను లెక్కలోకి రాదు. మన జానపదుడు ఈ లోటును ఎప్పుడో గుర్తించాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతలో డబ్బు ఊసే లేదు. కూర అదే, పొరుగింటిది కావడమే దాని రుచి. ఫ్రెంచి చింతకుడు రెనే గిరార్డ్ పదో ఆజ్ఞను వివరిస్తూ చెప్పింది కూడా దాదాపు ఇదే: ఏం కోరాలో మనిషి పొరుగువాణ్ని చూసి నేర్చుకుంటాడు, ఆ పోలికలోంచే పోటీ, పోటీలోంచే హింస పుడతాయి.

3. నాబోతు తోట, బస్తర్ టేకు

1 రాజులు 21లో నాబోతు ద్రాక్షతోటను కోరిన రాజు అహాబు మొదట దౌర్జన్యం చేయడు. అంతకంటే మంచి తోట ఇస్తానంటాడు, కాకపోతే వెల కడతానంటాడు. మార్కెట్ దృష్టితో చూస్తే న్యాయమైన బేరమే. నాబోతు మాత్రం దాన్ని పిత్రార్జితంగా చూశాడు. ఇశ్రాయేలు ధర్మంలో అది అమ్మకపు సరుకు కాదు. రాజు ముఖం తిప్పుకుని అన్నం మానేశాడు. రాజ్యమంతా ఉన్నవాడికి ఒక కూరగాయల మడి లేకపోవడం ఆకలిని చంపేసింది. ఆ తరువాత రాణి యెజెబెలు చేసినదంతా పద్ధతి ప్రకారమే సాగింది: రాజముద్రతో తాకీదులు, పెద్దల సభ, ఇద్దరు సాక్షులు, తీర్పు. నాబోతు హత్యకు న్యాయస్థానం వేషం దొరికింది.

బస్తర్ చరిత్రలో దీనికి దగ్గరి ఉదంతం మాలిక్ మక్బూజా. సొంతదారు స్వాధీనంలోనిదని ఆ మాటకు అర్థం. పట్టా భూమిలోని చెట్ల మీద రైతుకున్న హక్కు అది. ఆదివాసీ రైతు మోసపోకుండా మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1956లోనే ఆదివాసుల చెట్ల హక్కుల రక్షణకు చట్టం తెచ్చింది. 1959 నాటి భూమి రెవెన్యూ కోడ్ ఆదివాసీ భూమి బదిలీకి కలెక్టరు అనుమతి తప్పనిసరి చేసింది. అయినా టేకు చెట్లున్న పొలాలు కారుచౌకగా చేతులు మారాయి. రైతుకు తెలిసింది నేల ధర, కొన్నవాడికి తెలిసింది నేల మీద నిలబడ్డ కలప ధర. 1990ల్లో లోకాయుక్త విచారణ, ఆపై సుప్రీంకోర్టు జోక్యం జరిగేదాకా నరికివేత సాగింది. అందులో చాలా భాగానికి కాగితాలున్నాయి, సంతకాలున్నాయి, అనుమతులున్నాయి.

1529 నాటి పెద్ద ప్రశ్నోత్తరిలో మార్టిన్ లూథర్ ఈ ఆజ్ఞకు ఇచ్చిన వ్యాఖ్య ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. దొంగలను ఆయన లెక్కలో ఏడోదైన దొంగతనపు ఆజ్ఞ చూసుకుంటుంది. ఈ చివరి ఆజ్ఞలు పెద్దమనుషుల కోసం, చట్టం మాటున పొరుగువాడి ఆస్తిని తమవైపు తిప్పుకుని తాము నిర్దోషులమనుకునేవారి కోసం అన్నది ఆయన వాదన. నేరమని నిరూపించలేని చోట కూడా పాపం ఉండగలదని చెప్పడమే పదో ఆజ్ఞ ప్రత్యేకత.

4. తృప్తి ఒక విద్య

తృప్తి గురించి పౌలు ఫిలిప్పీ 4:11లో రాసిన మాటల్లో బరువంతా నేర్చుకున్నాను అన్న క్రియ మీద ఉంది. ఆయన వాడిన ఆటార్కేస్ అనే పదం స్తోయికు తత్త్వవేత్తలది. ఎవరి మీదా ఆధారపడని స్వయంసమృద్ధి వారి ఆదర్శం. పౌలు పదాన్ని తీసుకుని లోపలి సరుకు మార్చాడు. తన బలం తనది కాదు, క్రీస్తుదన్నాడు. పైగా ఆ మాట రాసింది చెరలో ఉండి, ఫిలిప్పీ సంఘం పంపిన సాయం అందుకున్న సందర్భంలో. అంటే క్రైస్తవ తృప్తి ఒకరి సాయం పుచ్చుకోవడాన్ని చిన్నతనంగా చూడదు.

ఈ విద్యకు మొదటి పాఠం నిర్గమకాండం 16లోని మన్నా. మనిషికి ఓమెరు చొప్పున కొలత. ఓమెరు అంటే ఏఫాలో పదో వంతు. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తగ్గలేదు. మర్నాటికి దాచినది పురుగు పట్టింది. పౌలు 2 కొరింథీ 8:15లో ఈ ఘట్టాన్ని గుర్తుచేసింది విశ్వాసుల మధ్య సమానత కోసం, యెరూషలేము పరిశుద్ధుల చందా కోసం. తనకెంత చాలో తెలిసినవాడే ఇతరులకు ఇవ్వగలడు. సామెతలు 30లో ఆగూరు అడిగినది కూడా ఈ కొలతే: పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత చాలు. పేదరికాన్ని ఆయన పొగడలేదన్నది గమనించాలి.

తరువాతి క్రైస్తవ చింతకుల్లో ఇద్దరు ఈ పాఠాన్ని ఆచరణకు దింపారు. ఇంగ్లండు ప్యూరిటన్ జెరెమయా బరోస్ రచన 1648లో వెలువడింది. తృప్తి కూడికతో రాదు, తీసివేతతో వస్తుందని ఆయన లెక్క. ఆస్తిని కోరిక దాకా పెంచడం కాక, కోరికను ఉన్న స్థితి దాకా దించడం. జాన్ వెస్లీ మరింత సూటిగా అంకెల్లో చెప్పాడు. తన ప్రసంగంలో ఆయన పేర్కొన్న ఒక ఆక్స్‌ఫర్డ్ మెథడిస్టుకు మొదటి ఏడాది 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 దానమిచ్చాడు. మరుసటి ఏడాది 60 వచ్చాయి. అప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. ఆదాయం 90, ఆపై 120 అయినా ఇంటి ఖర్చు గీత కదలలేదు. జగదల్‌పూర్ మెథడిస్టులకు ఇది పరాయి కథ కాదు, సొంత ఇంటి వారసత్వం.

5. ఎవరికి చెప్పాలి?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోక తప్పదు. తృప్తి బోధ పేదవాడి నోరు మూయించే సాధనం కాలేదా? అయింది. 1910లో బస్తర్ ఆదివాసులు భూమ్‌కాల్ తిరుగుబాటుకు లేచినప్పుడు మామిడి కొమ్మ, మిరపకాయలు, మట్టిగడ్డ ఊరూరా తిరిగాయి. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరి, అధికారుల దోపిడీ దానికి కారణాలు. తన అడవిని తిరిగి అడిగినవాడికి దురాశ అంటగట్టడం ఆజ్ఞను తలకిందులు చేయడమే. పదో ఆజ్ఞ నిషేధించింది పొరుగువాడి సొత్తును ఆశించడం. తన సొత్తును తాను అడగడాన్ని కాదు. కోతగాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 చెప్పింది. ఆ మొరను తృప్తి పేరుతో ఆపమని ఎక్కడా చెప్పలేదు.

మరోవైపు మన టీవీ ప్రసంగాల్లో వినిపించే ఆశీర్వాద బోధ ఇంకో దారి తొక్కింది. పక్కింటివాడికి కారు ఇచ్చిన దేవుడు నీకూ ఇస్తాడన్న హామీ వినడానికి విశ్వాసంలా ఉన్నా, చూపు మాత్రం పక్కింటి ముంగిట్లోనే ఉంది. మొదటి బోధ పేదవాణ్ని తృప్తిపడమంటే, రెండోది అతణ్ని అసూయపడమంటుంది. తీసుకున్నవాణ్ని తిరిగి ఇమ్మని రెండూ అడగవు.

2023 అక్టోబరు 3న జాతికి అంకితమైన నగర్నార్ ఉక్కు కర్మాగారం జగదల్‌పూర్‌కు దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉద్యోగాలు, స్థలాల ధరలు, కొత్త ఇళ్లు వచ్చేచోట ప్లెయొనెక్సియా కూడా వస్తుంది. సంఘం ఇప్పుడు బోధించాల్సింది అభివృద్ధి వద్దని కాదు. ఎవరి పొలిమేర మీద అది నిలబడిందో అడగమని.

6. ముగింపు

లూకా 19లో జక్కయ్య మారుమనస్సుకు రుజువు కన్నీళ్లు కావు, లెక్క. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. దురాశను జయించడమంటే బైబిలు దృష్టిలో ఇదే: మనసు కుదుటపడటం తరువాతి మాట, ముందు చేతిలోనిది తిరిగి పొలిమేర దాటాలి. ఆమోసు 8:5లో వర్తకులు విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, కొలత తగ్గించి ఎప్పుడు అమ్ముదామా అని ఎదురుచూశారు. జగదల్‌పూర్‌లో ఎదురుచూపు అక్కర్లేదు. ఆరాధన, సంత ఒకే రోజు. కాబట్టి పదో ఆజ్ఞ మీద ఈ ఊళ్లో చేసే ప్రసంగం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి ఎవరి గుండెలోకీ తొంగి చూడాల్సిన పని లేదు. మందిరం నుంచి సంతకు వెళ్లిన విశ్వాసి కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పైలిని ఒకేలా నింపాడా లేదా చూస్తే చాలు.